తమ్ముడి ఎత్తు బంగారం

మా దిక్కు బెల్లాన్ని బంగారం అంటారు. ఎప్పుడూ కాదు, సమ్మక్క జాతర దగ్గరపడ్డప్పుడు. ఆ రోజుల్లో ఎవరైనా నోరు జారి బెల్లం అన్నారంటే పెద్దవాళ్ళు నెత్తిన ఒకటి మొట్టుతారు. మొక్కు ఉన్న మనిషిని తక్కెడలో ఒక వైపు కూర్చోబెట్టి, రెండో వైపు బెల్లం ముద్దలు పేర్చి, ఎంత తూగితే అంత మూటగట్టి మేడారం తీసుకుపోయి తల్లి గద్దె దగ్గర పెడతారు. అదే ఎత్తు బంగారం. జాతర రెండేళ్ళకోసారి వస్తుంది. మా తమ్ముడు రెండేళ్ళకోసారి తూగేవాడు.

ఆ మొక్కు మా అమ్మది. ఆమెను మేం అవ్వ అని పిలుస్తాం. నెల్లికుదురు పక్కన చిన్న ఊరు మాది. తమ్ముడు పుట్టినప్పుడు చేతిలో పడితే ఎలుకపిల్లలా ఉన్నాడట. పాలు తాగలేదు, తాగినవి ఆగలేదు. మానుకోట దవాఖానలో కూడా పెదవి విరిచారు. అప్పుడు అవ్వ కొంగు పరిచి మొక్కింది. వీడు బతికి బట్టకడితే, వీడు బతికున్నన్ని జాతరలకూ వీడి ఎత్తు బంగారం ఇస్తానని. ఒక్క జాతరకు మొక్కుకుంటే సరిపోయేది. మా అవ్వకు ఏదీ కొంచెం చేయడం చేతకాదు.

వాడు బతికాడు. బతికాడే గానీ ఒళ్ళు పట్టలేదు. ఊరంతా బక్కోడా అని పిలిచేవాళ్ళు. జాతరకు తూచినప్పుడల్లా తక్కెడలో రెండు ముద్దలు పడగానే వాడు గాలిలోకి లేచేవాడు. అవ్వ ఆ ముద్దల వంక చూసి "గింతేనా?" అనేది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. దేవతకు తక్కువ పెట్టానన్న బాధ సగం, కొడుకు ఇంతే ఉన్నాడన్న బాధ సగం. ఇంటికి రాగానే తన పళ్ళెంలోది తీసి వాడి పళ్ళెంలో వేసేది. నా పళ్ళెంలోది కూడా తీసి వేసేది, అది వేరే సంగతి. నేను మొదటి నుంచీ బొద్దుగా ఉండేదాన్ని, "నీకేం తక్కువనే, గుండ్రాయి లెక్క ఉన్నవ్" అనేది.

బాపు చిన్నప్పుడే పోయాడు. అవ్వ కూలికి పోయి మమ్మల్ని చదివించింది. నేను పంతులమ్మనై జనగామలో ఒక సర్కారు బడిలో తెలుగు చెప్తున్నాను. తమ్ముడికి భూపాలపల్లిలో బొగ్గుబాయిలో కొలువు దొరికింది. మొదట్లో కిందికి దిగి పని చేశాడు. ఆ రోజుల్లో ఎంత తిన్నా అరిగిపోయేది. తర్వాత మోకాలు దెబ్బతిని, పైన దీపాల గదిలో పని ఇచ్చారు. కిందికి దిగేవాళ్ళకు నెత్తిన పెట్టుకునే లైట్లు ఇవ్వడం, తిరిగొచ్చాక తీసుకుని చార్జింగు పెట్టడం. షిఫ్టు మొత్తం కుర్చీలోనే. నడక తగ్గింది, తిండి మాత్రం కింద పని చేసినప్పటిదే. పైగా డ్యూటీ దిగితే దోస్తులు, దోస్తులంటే కల్లు, కల్లంటే మటన్, మటన్ లేకపోతే వేయించిన పేగులు. ఆదివారం ఒక్కరోజు పప్పు వండితే మా మరదలితో కొట్లాడేవాడు.

అలా వాడు లావెక్కాడు. మొదట చెంపలు నిండాయి, తర్వాత మెడ పోయింది, తర్వాత పొట్ట ముందుకు నడిచింది. అంగీ గుండీల మధ్య బనియన్ కనిపించేది. నేను తిట్టేదాన్ని. నాకు నోరు ఎక్కువ, మా స్టాఫ్‌రూంలో అడిగినా చెప్తారు. "ఏందిరా ఆ బొర్ర? ఎన్నో నెల?" అనేదాన్ని. వాడు పొట్ట మీద చేత్తో దరువేసి, "గిది బొర్ర గాదక్కా, అవ్వ మొక్కు" అనేవాడు.

నిజంగానే అవ్వకు అది మొక్కు ఫలమే. ఆ పొట్టను చూసి ఆమె మురిసినట్టు, నేను ఉద్యోగం తెచ్చుకున్నప్పుడు కూడా మురవలేదు. పండగకు వచ్చినప్పుడల్లా వాడి జబ్బను రెండు వేళ్ళతో పట్టి చూసేది. వేళ్ళ మధ్య కండ అందకపోతే ఆమె మొహం వెలిగిపోయేది. "ఇప్పుడు మనిషైండు నా కొడుకు" అని వాడకట్టంతా చెప్పుకునేది. ఆకలి చూసినవాళ్ళకు లావు జబ్బులా కనబడదు. కనబడమంటే మాత్రం ఎట్లా కనబడుతుంది?

వాడు బాగా లావున్న ఆ జాతర నాకు గుర్తుంది. భూపాలపల్లిలో వాళ్ళ ఇంటికి దగ్గర్లో బెల్లం దుకాణం ఉంది. జాతర నెలలో దాని ముందు ఇనుప గొలుసులతో పెద్ద తక్కెడ వేలాడదీస్తారు. తమ్ముడు అందులో కూర్చుంటే గొలుసులు కిర్రుమన్నాయి. సేటు ముద్ద మీద ముద్ద వేస్తూ పోతున్నాడు, వాడు కదలడు. చుట్టూ వాడి బాయి దోస్తులు చేరి ఈలలు. ఒకడన్నాడు: "అరేయ్, రేపు నిన్ను మొయ్యాల్నంటె నలుగురు సాలరు రా, ఎనమండుగురం గావాలె." అందరూ పగలబడి నవ్వారు. అవ్వ వాడి వీపు మీద ఒక్కటిచ్చి, "నీ నోట్ల మన్నుబడ, పండుగ పూట అవేం మాటలు రా" అంది. కానీ కోపం లేదు. ఆఖరి ముద్ద పడి తక్కెడ సమానం అయినప్పుడు ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ సారి "గింతేనా" అనలేదు. నేనూ నవ్వుతూనే ఉన్నాను. నవ్వకుండా ఎట్లా ఉంటాం, ఎలుకపిల్ల ఏనుగు అయితే.

ఏడాది తిరిగాక కురవిలో మా మేనమామ ఇంట్లో పెండ్లి. తమ్ముడు వదులైన ప్యాంటుకు బెల్టు బిగించుకుని వచ్చాడు. పొట్ట చాలా దిగింది, దవడ ఎముక కనిపిస్తోంది. పెండ్లికొచ్చినవాళ్ళంతా పెండ్లికొడుకును వదిలేసి వీడినే మెచ్చుకోవడం.

"మస్తు తగ్గినవ్ తమ్మీ! ఏం జేస్తున్నవ్?"

"మంచిగైనవ్ రా, పదేండ్లు చిన్నగైనవ్."

వాడు గర్వంగా నడుము మీద చేతులు పెట్టుకుని అటూ ఇటూ తిరిగి చూపించాడు. "నేనే కావాల్నని తగ్గిన. పొద్దుగాల గ్రౌండుల నడుస్తున్న" అన్నాడు. నడిచాడు, అబద్ధం కాదు. కొన్నాళ్ళు నడిచి మానేశాడు, అయినా బరువు దిగుతూనే ఉంది. దానికి కూడా తన నడకే కారణమనుకున్నాడు. ఒకసారి నడక మొదలుపెడితే ఒళ్ళే అలవాటు పడి కరుగుతుందని నాకు పాఠం చెప్పాడు.

ఒక్క అవ్వ మురవలేదు. పెండ్లి పందిట్లోనే వాడి జబ్బ పట్టి చూసింది. "తగ్గుడేంది రా? ఎవలు తగ్గమన్నరు నిన్ను?" అంది.

"నేనే తగ్గిన అవ్వా. డాక్టర్లు గూడ లావు మంచిది గాదంటున్నరు."

"అందరి కండ్లు పడ్డయి నీ మీద" అని, ఆ రోజే ఉప్పూ ఎండుమిరపకాయలూ వాడి చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు, అంటే దిష్టి గట్టిగా తగిలిందన్నమాట. ఆ మంటను చూసి ఆమెకు కొంత నెమ్మది పట్టింది.

మాకెవరికీ చెప్పని సంగతి ఒకటి వాడి దగ్గర ఉంది. దొడ్డికి పోతే నెత్తురు పడుతోంది. అప్పటికే చాలా రోజులుగా. మరదలికి కూడా ఆలస్యంగా చెప్పాడు, చెప్పినప్పుడు కూడా "వేడి చేసింది" అన్నాడు. మాకు లోకంలో ఉన్న రోగాలన్నీ వేడే. కన్ను ఎర్రబడితే వేడి, నోరు పూస్తే వేడి, మూత్రం మండితే వేడి. నెత్తురు పడితే మస్తు వేడి. సబ్జ గింజలు నానబెట్టుకుని తాగాడు. తైదల అంబలి, అంటే రాగి జావ తాగాడు, సల్ల తాగాడు. తగ్గకపోతే మొలలన్నాడు. రోడ్డు మీద గోడల నిండా రాసుంటాయి కదా, ఆపరేషన్ లేకుండా మొలలు మాయం అని. అట్లాంటి ఒకడి దగ్గరికి పోయి లేపనం తెచ్చుకున్నాడు. ఆ వైద్యుడు లోపల వేలు పెట్టి చూసింది లేదు, పరీక్ష రాసింది లేదు. వాడి మీద నాకు ఉన్న కోపం ఇక్కడ రాస్తే కాగితం అంటుకుంటుంది.

ఒకరోజు దీపాల గదిలో కుర్చీ మీంచి లేవబోయి పడిపోయాడు. నెత్తురు బాగా తక్కువుందని హనుమకొండ పంపించారు. అక్కడ ఒక దవాఖానలో కింది నుంచి గొట్టం వేసి పెద్దపేగు చూశారు. నేను జనగామ నుంచి బస్సెక్కి పోయేసరికి మరదలు బెంచీ మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే "వదినా, మొలలు గాదంట" అంది.

పెద్దపేగులో గడ్డ. క్యాన్సర్. కాలేయానికి కూడా చుక్కలు పాకాయి.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టి, తమ్ముడి పాత ఫోటో ఫోన్లో చూసి, ఎప్పటి నుంచి లావుగా ఉన్నారని అడిగింది. తర్వాత ఎప్పుడు సన్నబడటం మొదలైందని అడిగింది. నాకు ఉండబట్టలేదు. "మా వాడు లావున్నందుకే వచ్చిందా మేడం?" అన్నాను.

"అట్లా ఒక్కదాని మీద పెట్టలేం" అంది ఆమె. "లావున్న వాళ్ళందరికీ రాదు, సన్నగా ఉన్నవాళ్ళకు రాదని కూడా లేదు. కానీ ఒంట్లో కొవ్వు పెరిగినకొద్దీ, ముఖ్యంగా పొట్ట చుట్టూ పేరుకున్నకొద్దీ, పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అది తెలిసిన సంగతే. కొవ్వు ఊరికే పడి ఉండదమ్మా. లోపల సన్నగా వాపును రాజేస్తూ ఉంటుంది, ఒంట్లో ఇన్సులిన్ పెంచుతుంది. పేగు గోడలో కణాలు అదుపు తప్పి పెరగడానికి అవి తోడు పడతాయి. కూర్చుని చేసే పని, మందు, రోజూ మాంసం, ఇవన్నీ దానికి చేయూత."

తమ్ముడు అంతా విన్నాడు. "అంటె నా బొర్రనే నన్ను తిన్నదా మేడం?" అన్నాడు, నవ్వబోయి.

"బొర్ర ఒక్కటే కాదన్నా. కానీ ఈ బరువు మీరు తగ్గించుకున్నది కాదు. ఇది జబ్బు తగ్గించింది. మీరు మానేసినా దిగిపోతున్న బరువు చూసి మురవకూడదు, భయపడాలి." తర్వాత నా వైపు చూసింది. ఆ చూపు నా నడుము చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "మీరు తోడబుట్టినవాళ్ళు. మీరు కూడా ఈ పరీక్ష చేయించుకోవాలి. బరువు కూడా చూసుకోవాలి" అంది.

బయటికి వచ్చాక తమ్ముడు మెట్ల మీదే కూర్చున్నాడు. నాకు చావు సంగతి మాట్లాడతాడేమోనని భయం. వాడికి ఇంకో భయం ఉంది.

"అక్కా, గీ ముచ్చట అవ్వకు చెప్పొద్దు."

"క్యాన్సరని చెప్పం లేరా."

"అదొక్కటే గాదు. లావు మీదికెల్లి వచ్చిందన్న మాట అవ్వ చెవుల పడొద్దు. తన పళ్ళెంల బుక్క నాకు వెట్టింది. గామె వెట్టిన తిండే నన్ను తిన్నదనుకుంటె, నాకన్న ముందు పోతది. ఒట్టెయ్యి."

"బాయి దోస్తులు తాపిన కల్లుకు, రోడ్డు మీద మాంసానికి అవ్వకేం సంబంధంరా పిచ్చోడా?"

"అవ్వకు ఆ లెక్కలు తెల్వయ్. ఒట్టెయ్యి."

వేశాను. దవాఖాన మెట్ల మీద, జనం చూస్తుండగా, వాడి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. వాడి జుట్టు అప్పటికింకా ఉంది.

అవ్వకు మొలల ఆపరేషన్ అని చెప్పాం. గడ్డ పేగుకు అడ్డం పడిందని కోసి, కడుపు మీద సంచి పెట్టారు. మలం ఇక దాంట్లోకే. ఆ సంచిని మరదలు కడిగేది, మార్చేది, వాడు గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఆ తర్వాత మందు ఎక్కించడం మొదలైంది. అవ్వ రోజూ ఊరి నుంచి ఫోన్ చేసేది. "తగ్గిందా కొడుకా?" అదే మాట.

"తగ్గింది అవ్వా" అనేవాడు వాడు.

నేను పిల్లలకు తెలుగు చెప్పేదాన్ని. ఇన్నేళ్ళూ ఈ మాట సంగతి నా తలకెక్కలేదు. రోగం నయమైనా తగ్గింది అంటాం, ఒంట్లో కండ కరిగినా తగ్గింది అంటాం. పెండ్లిలో జనం తగ్గినవ్ అని మెచ్చుకున్నదీ అదే మాట, అవ్వ తగ్గిందా అని అడుగుతున్నదీ అదే మాట. వాడు చెప్పిన జవాబు అబద్ధం కూడా కాదు. పక్కన కూర్చుని వింటుంటే ఆ ఫోన్ లాక్కుని నేలకేసి కొట్టాలనిపించేది.

మళ్ళీ జాతర వచ్చింది. మేమంతా ఈ ఒక్కసారికి ఆగమన్నాం. అవ్వ వినలేదు, బతికున్నన్ని జాతరలకని మొక్కింది కదా. "ఆపరేషనైన పానం, తల్లి సల్లగ సూస్తది" అంది. నేను తమ్ముడితో గొడవ పడ్డాను. ఆ చలిలో, ఆ దుమ్ములో, కడుపు మీద సంచితో పోయి అందరి ముందు తక్కెడలో కూర్చుంటావా అన్నాను.

"నిండ మునిగినోనికి సలేందక్కా" అన్నాడు. "నేను కూసోకపోతెనే అవ్వకు అనుమానమొస్తది."

ఆ రోజు రెండు బనియన్లు, వాటి మీద స్వెటరు, దాని మీద అంగీ, పైన శాలువా కప్పుకున్నాడు. రెండు ప్యాంట్లు వేసుకున్నాడు. మరదలు సంచి మార్చి పైన తువ్వాల చుట్టింది. బట్టల్లో చూస్తే కొంచెం మనిషిలాగే ఉన్నాడు. అవ్వ మానుకోట నుంచి బస్సులు మారి మారి వచ్చి, వాడి జబ్బ పట్టి చూడబోయింది. వాడు శాలువా సర్దుకుంటున్నట్టు పక్కకు జరిగాడు.

అదే దుకాణం, అదే తక్కెడ. దోస్తులు నలుగురైదుగురు వచ్చారు గానీ ఎవరూ ఈల వేయలేదు. తమ్ముడు మెల్లగా కూర్చున్నాడు. గొలుసులు చప్పుడు చేయలేదు. సేటు ఒక ముద్ద వేశాడు, ఇంకొకటి వేశాడు. ఇంకొకటి. తమ్ముడు కూర్చున్న పళ్ళెం నేల నుంచి అప్పుడే కదలబోయింది. అంత తొందరగా.

అప్పుడు చూశాను. అవ్వ తమ్ముడి పక్కన నిలబడి ఉంది. కొంగు సవరించుకుంటున్నట్టు వంగి, ఎడమచెయ్యి వాడు కూర్చున్న పళ్ళెం అంచు మీద పెట్టింది. ఊరికే పెట్టలేదు. బలమంతా పెట్టి కిందికి అదుముతోంది. పళ్ళెం మళ్ళీ నేలకు ఆనింది.

"ఇంకో ముద్ద ఎయ్యి సేటూ" అంది. "నా కొడుకు బరువు మనిషి."

సేటు ఆ చెయ్యిని చూశాడు. ముద్ద వేశాడు. ఇంకొకటి వేశాడు. తమ్ముడు తల వంచుకుని కూర్చున్నాడు, వాడి కళ్ళ ముందే ఉంది ఆ చెయ్యి. మరదలు కొంగు నోట్లో కుక్కుకుని దుకాణం పక్కకు పోయింది. అవ్వకు ఎంత తెలుసో, ఎప్పటి నుంచి తెలుసో నేను అడగలేదు. ఒక్కటి మాత్రం తెలుసనిపించింది, కొడుకు పోతున్నాడని. ఎందుకు పోతున్నాడన్నది తెలియదు. తెలియకూడదనే కదా వాడి గోస అంతా.

ఆ ఎండాకాలంలోనే వాడు పోయాడు. పాడె లేపేటప్పుడు నలుగురు వంగారు. అందులో ఒకడు ఆ రోజు ఎనమండుగురు కావాలన్నవాడే. లేపగానే పాడె అనుకున్నదాని కన్నా పైకి లేచి ఊగింది, అంత తేలిక. ఆ దోస్తు భుజం మీది నుంచి దించకుండానే భోరున ఏడ్చాడు. దినం రోజు ఎవరో పెద్దమనిషి "పెరుగుట విరుగుట కొరకే" అని సామెత వేదాంతంగా చెప్పబోయాడు. పిల్లలకు నేనే ఎన్నోసార్లు చెప్పిన సామెత అది. "నీ సామెత నీ ఇంట్ల చెప్పుకో పో" అన్నాను.

అవ్వను జనగామకు నా దగ్గరికి తెచ్చుకున్నాను. డాక్టరమ్మ చెప్పిన పరీక్ష కూడా చేయించుకున్నాను. మత్తు దిగాక చెప్పారు, ఒక చిన్న బుడిపె కనిపిస్తే అక్కడే తీసేశామని, అది క్యాన్సర్ కాదు గానీ వదిలేస్తే అయ్యేదేమో అని. మళ్ళీ పరీక్షకు రావాలన్నారు. బరువు దిగాలని, ముఖ్యంగా పొట్ట దిగాలని అన్నారు. నేను ఇంటికొచ్చి బాత్రూంలో నల్లా తిప్పి ఏడ్చాను. నా బుడిపె దొరికింది, వాడిది దొరకలేదు. ఇద్దరం ఒక్క కుండలో కూడు తిన్నవాళ్ళమే.

అప్పటి నుంచి పొద్దున్నే బడి గ్రౌండులో నడుస్తున్నాను. అన్నం సగం చేశాను, కూర రెండింతలు చేశాను. కుర్చీలో కూర్చుని పాఠం చెప్పడం మానేశాను. మెల్లగా దిగింది. నాకు దిగిన ప్రతిసారీ ఇంట్లో ఒక యుద్ధం. అవ్వ నా పళ్ళెం ముందు కూర్చుని చూస్తుంది. "ఇంకో బుక్క తిను బిడ్డా. జర తిను. నీకు దండం వెడత" అంటుంది. గాజులు మోచేతి వైపు తోసి చూస్తుంది. అవి ఎంత పైదాకా పోతే అంత భయం ఆమెకు. నేను గాజులు తీసేసి చిన్న సైజువి తొడుక్కున్నాను, జాకెట్లు వదులైనా కుట్టు వేయించలేదు. తమ్ముడు బట్ట మీద బట్ట వేసుకున్నాడే, అదే పని నేనూ చేస్తున్నాను. వాడు చావును దాచాడు, నేను బతకడానికి చేస్తున్నదాన్ని దాచుకోవాల్సి వస్తోంది. ఒక్క మాట చెబితే ఆమె భయం పోతుంది, లావు మంచిది కాదు అవ్వా, తమ్ముడికి అది కూడా ఒక కారణం అని. ఆ మాట నోటిదాకా వచ్చినప్పుడల్లా దవాఖాన మెట్లు, వాడి నెత్తి, నా చెయ్యి గుర్తొస్తాయి.

ఈసారి జాతరకు అవ్వ ముందే చెప్పింది, తూగాల్సింది నేనని. "వాని మొక్కు వానితోని పోయింది. ఇప్పుడు నీదే" అంది. వద్దన్నాను. నువ్వొక్కదానివే ఉన్నవ్ కదా అంది. దాంతో సరేనన్నాను.

భూపాలపల్లిలో మరదలి ఇంటికి పోయాం. వాడి ఉద్యోగం బదులు ఆమెకు ఆఫీసులో పని ఇచ్చారు, డ్యూటీ దిగి అట్లాగే దుకాణం దగ్గరికి వచ్చింది. తక్కెడలో కూర్చున్నాను. ఇనుము చల్లగా తగిలింది. సేటు ముద్దలు వేయడం మొదలుపెట్టాడు. ఇంకా సగం కాలేదు, నా పక్కన పళ్ళెం అంచు మీదికి అవ్వ చెయ్యి వచ్చింది. నరాలు తేలిన ఎడమచెయ్యి. అదుముతోంది.

"అవ్వా, చెయ్యి తియ్" అన్నాను మెల్లగా. "నాకేం గాలేదు. నేనే కావాల్నని తగ్గిన. రోజు నడుస్తున్న."

అవ్వ నా మొహంలోకి చూసింది.

"వాడు గూడ గట్లనే అన్నడు బిడ్డా."

ముప్పై మంది పిల్లల్ని ఒక్క అరుపుతో కూర్చోబెట్టేదాన్ని, ఆ ముసలిదానికి చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు. దొరికిన మాట ఒక్కటే, అది చెప్పకూడనిది. సేటు ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. మరదలు నా వైపు చూసి, తల అడ్డంగా ఊపింది. ఆమెకూ ఒట్టు సంగతి తెలుసు.

"గింత ఉంటెనే నేను ఉంట అవ్వా" అన్నాను చివరికి. "దవాఖానోళ్ళు చెప్పిన్రు. ఎక్కువైతె ఉండను."

ఎందుకని అడుగుతుందేమోనని భయపడ్డాను. అడగలేదు. బెల్లం ముద్దల వంక చూసింది. గింతేనా అంటుందనుకున్నాను. అది కూడా అనలేదు.

"మల్ల జాతరకు గూడ గిట్లనే వచ్చి కూసుంటవా?"

"కూసుంట."

"గా మీది జాతరకు?"

"కూసుంట అవ్వా."

అప్పుడు గానీ ఆమె చెయ్యి తియ్యలేదు.